నీడ మాయమయ్యే మధ్యాహ్నం: సూరత్ మగ్గాల వాడల్లో వేసవి సెలవులు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. మే నెలలో ఆ బడులకు సెలవులు వస్తాయి, మరమగ్గాలకు రావు. అందరూ ఊరికి పోలేరు. తల్లిదండ్రులు షిఫ్టుకు వెళితే ఇంట్లో పిల్లల్ని చూసుకునేది నానమ్మో, పక్కింటి పెద్దమ్మో, కొన్నిసార్లు పన్నెండేళ్ళ అక్కో.

30 మందికి పైగా మహిళలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. చిన్న చిన్న మగ్గాల షెడ్లు ఆ లెక్కలోకి వచ్చేవి కావు. ఆరేళ్ళు దాటిన పిల్లల ఊసు అందులో లేనే లేదు. అందుకే ఎండ ముదిరే వేళ పిల్లల్ని గదిలో ఎలా కూర్చోబెట్టాలన్న ప్రశ్న చూసుకునేవారి మీదే పడుతుంది. అందుకు కావలసిన వస్తువులు ఆ ఇళ్ళలోనే ఉన్నాయి. వాటిలో మొదటిది బట్ట.

ఒకే సైజు నీళ్ళ సీసాలు మూడు తీసుకోవాలి. ఒకదానికి తడిపిన నూలు గుడ్డ, రెండోదానికి తడిపిన పాలిస్టర్ ముక్క చుట్టి, మూడోదాన్ని అలాగే వదిలి, గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టాలి. గంట తర్వాత పిల్లలు ముంజేతి వెనుక భాగంతో తాకి ఏది చల్లగా ఉందో చెప్పాలి. సాధారణంగా నూలు గుడ్డదే గెలుపు. మామూలు వాతావరణంలోనే నూలు తన బరువులో 7-8 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. తడిపినప్పుడు పలచని పాలిస్టర్ ముక్కలో నిలిచే నీరు తక్కువ, అది త్వరగా ఆరిపోతుంది, చల్లదనమూ అంతటితో ఆగుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. అదే నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి 300 కిలోజౌళ్ళు చాలు. చెమట మనల్ని కాపాడేది ఈ లెక్కతోనే. ఆటగాళ్ళ చొక్కాలు పాలిస్టర్‌వే కదా అని పెద్ద పిల్లలు అడిగితే అది మంచి ప్రశ్న. ఆ చొక్కాల్లోని పోగుల మధ్య సన్నని దారులు చెమటను లాగి బట్టంతా పరుస్తాయి. పండుగకు కుట్టించిన మెరుపు గౌను అలా చేయదు.

ఇదే ప్రయోగం ఉక్క ఎక్కువగా ఉన్న రోజు మళ్ళీ చేస్తే సీసా అంతగా చల్లబడదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కావడం మందగిస్తుంది. వడగాడ్పు ప్రకటనకు వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు చూస్తే, తీర ప్రాంతాల్లో మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరిగి 37 దాటినా చాలంటుంది. సముద్రానికి దగ్గరున్న సూరత్‌లో 36 డిగ్రీలే కదా అని పిల్లల్ని ఎండలోకి వదలకూడదు. పిల్లవాడు తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా, ఒళ్ళు కాలిపోతున్నా తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జాలీలా పలచగా ఉన్న చీర ముక్కను రెండు మడతలు వేసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. పడుగు పోగుల మధ్య దూరం అర మిల్లీమీటరు ఉందనుకుందాం. ఒక మడతను 3 డిగ్రీలు తిప్పితే చారల మధ్య దూరం దాదాపు ఒక సెంటీమీటరు అవుతుంది. కంటికి ఆనని అల్లిక ఇరవై రెట్లు పెద్దదై కనిపిస్తుందన్నమాట. కాల్చి బట్టను పరీక్షించే అలవాటు మాత్రం పిల్లల ముందు వద్దు. కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుపోతుంది. ఆట అయ్యాక బకెట్ నీళ్ళు పారబోయాలి. పాకే పిల్లలకు జానెడు నీరూ ప్రమాదమే.

ఇంకా కావాలంటే, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలూ ఉచితంగా దొరుకుతాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు ఆయనకు ఇష్టమైన సరంజామా. ఆదివారం సెలవు దొరికితే సిటీ లైట్ ప్రాంతంలో నగరపాలక సంస్థ సైన్స్ సెంటర్, ప్లానెటేరియం ఉన్నాయి.

సెలవుల్లో ఒక్క మధ్యాహ్నం మాత్రం గడప దాటవచ్చు. మే 26, 27 తేదీల్లో మధ్యాహ్నం సుమారు 12:36కి సూరత్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలిపిన కర్రకు నీడ దాదాపు మాయమవుతుంది. నెత్తిన గుడ్డ, కాళ్ళకు చెప్పులతో మూడు నిమిషాలు చాలు. పన్నెండేళ్ళ అక్కకు గడియారం అప్పగించాలి, ఆమె కూడా పిల్లే కదా.

వరంగల్‌లో బంధువులుంటే ఆట ఇంకా పెద్దదవుతుంది. అక్కడ నీడ మాయమయ్యే రోజు మే 11, 12 నాటికే వచ్చి వెళుతుంది. మే 27న వరంగల్‌లో సూర్యుడు నడిమింటికి చేరేది 12:09 ప్రాంతంలో, అంటే సూరత్ కన్నా 27 నిమిషాల ముందు. గడియారాలు ఒక్కటే అయినా సూర్యుడికి రెండు మధ్యాహ్నాలు. ఆ సమయానికి అక్కడి మీటరు కర్రకు సుమారు 5.6 సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది. ఆ నీడ చెప్పే కోణం 3.2 డిగ్రీలు. ఉత్తర-దక్షిణ దిశలో రెండు ఊళ్ళ మధ్య తేడా సుమారు 355 కిలోమీటర్లు. 360ని 3.2తో భాగించి, వచ్చినదాన్ని 355తో గుణిస్తే భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లని తేలుతుంది. రెండు వేల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో ఇదే పద్ధతి వాడాడు. ఆయనకు ఫోన్ లేదు.

సూరత్‌లో నీడ మళ్ళీ మాయమయ్యేది జూలై 17 ప్రాంతంలో. అప్పటికి బడులు తెరిచేసి ఉంటారు, ఆకాశంలో మబ్బులూ ఉంటాయి.