కప్పులో కిటికీ, అటకకు నిచ్చెన

పెంకుటింటిలో పెరిగినవారికి ఒక దృశ్యము జ్ఞాపకముండును. మిట్టమధ్యాహ్నమైనను నడిమి గదిలో మసకచీకటి. ఆ చీకటిలో కప్పునుండి నేలకు దిగిన ఒక వెలుగుచార. అందులో తేలియాడు ధూళికణములు. పైనున్న గాజుపెంకు చేయు పని అది. గోడకు కిటికీ పెట్టుటకు వీలులేని గదికి కప్పులో పెట్టిన కిటికీ అనవచ్చును. ఆ కిటికీని గూర్చి, ఎండకు దానిపై కట్టవలసిన తెరను గూర్చి, దాని వెలుగున అటకకు వేసికొను నిచ్చెనను గూర్చి ఈనాటి ప్రసంగము. ఈ మూడింటిని వేరువేరు వస్తువులుగా ఎంచుట మనకు అలవాటు. అవి ఒకదానిపై ఒకటి ఆధారపడియున్నవని మా యింట జరిగిన ఒక ప్రమాదము నాకు నేర్పినది.

మాది పాతకాలపు పెంకుటిల్లు. వంటగది వెనుక భాగమున ఉన్నది. దానికి రెండు వైపుల పొరుగిండ్ల గోడలే. ఒక శ్రావణమాసమున మా తల్లిగారు అటకమీది ఇత్తడి గిన్నెలు దింపుచు, మెట్లు అయిపోయినవనుకొని, ఇంకొక మెట్టుండగనే నేలపై కాలు పెట్టబోయినారు. పడిపోయినారు, మణికట్టు ఎముక విరిగినది. నిచ్చెన పాతబడినదని దానిని తీసివేసి క్రొత్తది తెచ్చినాము. నెల తిరుగకముందే నేనును అదే చోట, అదే విధముగా తడబడినాను. అప్పటికి గాని తెలియలేదు, దోషము నిచ్చెనలో లేదని. చివరి మెట్టు కనబడకపోవుటయే అసలు దోషము. గాజుపెంకు ఆలోచన అట్లు వచ్చినది.

కప్పునుండి వచ్చు వెలుగునకు ఒక ప్రత్యేకత గలదు. గోడకున్న కిటికీ ఎంత పెద్దదైనను ఆకాశములో సగమును మించి చూడజాలదు. ఎదుట పొరుగింటి గోడ ఉన్నచో ఆ సగమును పోవును. కప్పులోని కిటికీకి నడినెత్తి ఆకాశమంతయు కనబడును. కనుక చిన్న గదికి ఒకటి రెండు గాజుపెంకులే చాలును. ముందు ఒకటి వేసి, నాలుగు దినములు చూచి, చాలనిచో రెండవది వేయుట మంచిది.

1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల కర్మాగారమును స్థాపించిన పిదప, ఒకదానితో ఒకటి పెనవేసికొను ఆ పెంకులు దక్షిణదేశమంతట వ్యాపించినవి. వానినే కొన్ని చోట్ల బెంగళూరు పెంకులందురు. అదే అచ్చులో గాజుపెంకులును దొరకును. అయితే కర్మాగారమును బట్టి కొలతలు కొంచెము మారును. కావున అంగడికి పోవునప్పుడు ఇంటి పెంకు ఒకటి వెంట తీసికొనిపోవలెను. అమర్చుట కష్టము కాదు. పై వరుస పెంకును కొద్దిగా ఎత్తిపట్టి, పాత పెంకును మెల్లగా వెలుపలికి లాగి, ఆ స్థానమున గాజుపెంకును దూర్చవలెను. దాని పై అంచు పై వరుస క్రిందికి పోవలెను. దిగువ అంచు క్రింది వరుస మీదికి రావలెను. ప్రక్క గాళ్లు ప్రక్క పెంకుల గాళ్లలో సరిగా కూర్చొనవలెను.

కప్పెక్కువారికి ఒక హెచ్చరిక. గాజుపెంకుపై గాని, సిమెంటు రేకుపై గాని, వెలుగుకై వేసిన ప్లాస్టిక్ రేకుపై గాని ఎన్నడును అడుగు వేయరాదు. అవి వానను ఆపును గాని మనిషి బరువును ఆపవు. వాసములకు అడ్డముగా పొడవైన పలక వేసి దానిపైననే కదలవలెను. తడి ఆరిన ఉదయమున, క్రింద మరియొకరు తోడుండగా ఎక్కవలెను. పాత ఆస్‌బెస్టాస్ రేకును రంపముతో కోసి రంధ్రము చేయు ప్రయత్నము అసలే వలదు; ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులను తెచ్చును.

డాబా యిండ్లవారికి పని వేరు. స్లాబులోని ఇనుప చువ్వలను ఇష్టము వచ్చినట్లు కోయరాదు. ఇంజనీరు సలహా లేనిదే రంధ్రము చేయరాదు. రంధ్రము చుట్టు కనీసము 6 అంగుళముల ఎత్తున గట్టు కట్టి, దానిపై గాజును కొంచెము వాలుగా ఉంచవలెను. ఆ గాజు పగిలినను ముక్కలు రాలని పొరల గాజై యుండవలెను.

ఇక మా పెంకు సంగతి. మొదటి వానకే అది కారినది. మేస్త్రీ వచ్చి చుట్టును సిమెంటు మెత్తినాడు. రెండవ వానకు మరింత కారినది! తీసి చూడగా కారణము తెలిసినది. పెంకు ప్రక్కనున్న గాళ్లు నీరు దిగుటకు ఏర్పడిన కాలువలు. మొదట వానిలో వేపాకు నిండి నీరు పొర్లినది. పిదప సిమెంటు ఆ కాలువలను పూర్తిగా మూసివేసినది. పైగా గాజు ఎండకు పెరుగుట వేరు, సిమెంటు పెరుగుట వేరు. రెంటి నడుమ సన్నని బీటలు పడి నీరు లోనికి పీల్చబడును. సిమెంటు గీకి, ఆకులు తీసివేయగనే కారుట ఆగినది. కప్పుమీది నీటికి త్రోవ ఇవ్వవలెను గాని అడ్డుకట్ట వేయరాదు.

నీరు ఎక్కడ చుక్కలుగా పడునో అక్కడనే కప్పు కారుచున్నదని అనుకొనరాదు. పైన దూరిన నీరు వాసము వెంట జారి, ఎంతో దిగువన పడవచ్చును. లోపల ఒకరు చూచుచుండగా, వెలుపల మరియొకరు దిగువ వరుసనుండి మొదలుపెట్టి ఒక్కొక్క వరుసయే పైకి నీరు పోయుచు రావలెను. ఏ వరుసకు చుక్క కనబడునో అక్కడ దోషమున్నది. వాన లేని చలికాలపు ఉదయమున గాజు అడుగున చెమ్మ పట్టినచో అది కారుట కాదు. వంట ఆవిరి చల్లని గాజును తాకి నీరైనది. దానికి మందు గాలి. పొగగూడు తెరచి ఉంచిన చాలును.

వెలుగు వచ్చినది, నీరు ఆగినది. వేసవి రాగానే ఎండ వచ్చినది! మన దేశభాగము కర్కటరేఖకు దక్షిణమున ఉండుటచే సూర్యుడు ఏటా రెండుమారులు సరిగా మన నడినెత్తికి వచ్చును. హైదరాబాదులో ఇది మే నెల 10వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు మొదటి వారమునను జరుగును. మొదటిది నడివేసవి. కావున కప్పు కిటికీకి తెర విలాసవస్తువు కాదు.

తెరను లోపల కట్టుట సులభమే. కాని గాజు దాటి వచ్చిన ఎండ లోపలి తెరను వేడిచేయును. ఆ వేడి గదిలోనే ఉండిపోవును. వెలుపల కట్టిన తెర ఎండను గాజుదాకనే రానీయదు. మేము వేసవి నాలుగు నెలలు గాజుపెంకుపై వెదురు చాప కట్టి, తొలకరి గాలులకు ముందే విప్పుచున్నాము. సందులనుండి వచ్చు వెలుగు వంటకు చాలును. వరండాలకు, గోడ కిటికీలకు వట్టివేళ్ల తడికలు మేలు. అయితే అవి చల్లబరచునది నీరు ఆవిరియగుటచేతనే. గాలి పొడిగానుండు తెలంగాణ, రాయలసీమలలో వాని గుణము కనబడినట్లు సముద్రతీరపు ఉక్కలో కనబడదు.

చుట్టతెర ఒక ప్రక్కకు ఒరిగి చుట్టుకొన్నచో తెరలో దోషము వెదకవలదు. రెండు త్రాళ్లు సమానముగా లేవన్నమాట. తెరను పూర్తిగా దించి త్రాళ్లను సరిచేయవలెను. త్రాడు ఎక్కువగా అరుగునది కప్పీ వద్ద. అక్కడ పీచు లేచినచో వెంటనే మార్చవలెను. వ్రేలాడు త్రాటిముడి పసిపిల్లల మెడకు ఉరి కాగలదు. త్రాటిని ఎత్తున మేకుకు చుట్టి ఉంచుట మరువరాదు.

చివరకు నిచ్చెన. ప్రతి 4 అడుగుల ఎత్తుకు అడుగుభాగము గోడకు 1 అడుగు దూరమున ఉండవలెను. ఎనిమిది అడుగుల అటకకు రెండడుగులు. ఇంతకు దగ్గరైనచో వెనుకకు పడును, దూరమైనచో కాలు జారును. మనిషి అటకపైకి ఎక్కవలసినచో నిచ్చెన అంచుకు పైన 3 అడుగులు లేచి ఉండవలెను. దిగునప్పుడు పట్టుకొనుటకు అదియే ఆధారము. పై కొసను కొక్కెముతో అటకకు తగిలించవలెను. వెదురు నిచ్చెన క్రింద పసుపుపచ్చని పిండి రాలినచో లోపల పురుగు తొలుచుచున్నదని గుర్తు, దానిని నమ్మరాదు. కప్పునుండి మడతవిప్పుకొని దిగు నిచ్చెనలకు కాళ్లు నేలకు గట్టిగా ఆనవలెను. అర అంగుళము తేలియున్నను మనిషి బరువంతయు కీళ్లమీద పడి బోల్టులు వదులగును. కఱ్ఱ నిచ్చెనకు రంగు వేయుట అందమే గాని, రంగు పగుళ్లను దాచును. నూనె పట్టించుట మేలు.

మేము మాత్రము ఒక్క చివరి మెట్టు అంచుకు తెల్లరంగు పూసినాము. గాజుపెంకు వెలుగు సరిగా దానిమీద పడును. మా తల్లిగారు ఇప్పుడు బరువులు దింపరు. క్రింద నిలిచి మేము ఒక్కొక్కటిగా అందించు గిన్నెలను అందుకొందురు. కాని ఆ గదిలో పగటిపూట దీపము వెలిగించుట ఆమెయే మొట్టమొదట మానినారు.

తొలకరికి ముందు ఒక ఆదివారము కేటాయించి, కప్పుమీది గాళ్లను, తెర త్రాళ్లను, నిచ్చెన కీళ్లను ఒక్కమారు పరీక్షించుకొనుడు. పిదప మధ్యాహ్నవేళ దీపము లేకుండ నిచ్చెన పాదము వద్ద నిలిచి చూడుడు: చివరి మెట్టు మీకు కనబడుచున్నదా?