ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి?
లక్ష్య వర్గాన్ని గుర్తించడం, ప్రచార మాధ్యమాన్ని ఎంచుకోవడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
* లక్ష్య వర్గం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
* మీ సరుకు లేదా సేవ ఎవరికి అవసరమో గుర్తించగలుగుతారు.
* ఆ వర్గానికి తగిన ప్రచార మాధ్యమాన్ని ఖర్చు లెక్క వేసుకొని ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

మీరు కుట్టుపని నేర్చుకొని, మండల కేంద్రంలో చిన్న దుకాణం పెట్టారనుకుందాం. బడి పిల్లల యూనిఫాంలు కుట్టడం మీ ముఖ్యమైన పని. ప్రచారానికి మీ చేతిలో ఉన్నది రెండు వేల రూపాయలే. ఒకరు కరపత్రాలు పంచమంటారు. మరొకరు ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పమంటారు. ఇంకొకరు సెల్‌ఫోన్‌లో పెడితే పైసా ఖర్చు ఉండదంటారు. ఎవరి మాట వినాలి?

పెద్ద కంపెనీకి ఒక ప్రకటన వృథా అయితే మరో ప్రకటన ఇచ్చుకునే శక్తి ఉంటుంది. మీకు ఆ రెండు వేలూ పోతే ఈ సంవత్సరానికి ప్రచారం అక్కడితో ఆగిపోతుంది. అందువల్ల 'ఎలా చెప్పాలి?' అనే ప్రశ్నకు ముందు 'ఎవరికి చెప్పాలి?' అనే ప్రశ్న వేసుకోవాలి. మొదటి దానికి జవాబు రెండోదానిలోనే దొరుకుతుంది.

2. లక్ష్య వర్గం అంటే ఏమిటి?

ఒక సరుకు అవసరం ఉండి, దాన్ని కొనగల స్తోమత ఉండి, మనం చేరుకోగలిగిన వినియోగదారుల సమూహాన్ని ఆ సరుకుకు 'లక్ష్య వర్గం' అంటారు. 'మా సరుకు అందరికీ పనికివస్తుంది' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అందరికీ చెప్పబోతే, కొనేవారికి సరిగా చెప్పలేకపోతాం.

లక్ష్య వర్గాన్ని గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

(అ) సరుకు వాడేది ఎవరు?
(ఆ) కొనాలని నిర్ణయించేది ఎవరు?
(ఇ) డబ్బు ఇచ్చేది ఎవరు?
(ఈ) ఎప్పుడు, ఎక్కడ కొంటారు?

యూనిఫాంల విషయం చూడండి. తొడుక్కునేది పిల్లలు. ఎక్కడ కుట్టించాలో చాలా ఇళ్ళలో తల్లి నిర్ణయిస్తుంది. డబ్బు తండ్రి ఇవ్వవచ్చు, తల్లే ఇవ్వవచ్చు. కుట్టించేది ఎక్కువగా జూన్‌లో బడులు తెరిచే ముందు.

ఇంకొంచెం లోతుగా ఆలోచించండి. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ బడుల పిల్లలకు యూనిఫాం ప్రభుత్వమే ఇస్తుంది. కొన్ని ప్రైవేటు బడులు యూనిఫాంలను తామే అమ్ముతాయి. ఈ రెండు రకాల బడులనూ తీసివేయండి. బయట కుట్టించుకోనిచ్చే ప్రైవేటు బడుల పిల్లల తల్లులు మిగులుతారు. వారే మీ లక్ష్య వర్గం. 'ఊరంతా' అనుకున్నది ఇప్పుడు మూడు, నాలుగు వందల ఇళ్ళకు తగ్గింది. దీనికి దిగులుపడవలసిన పని లేదు. మీ రెండు వేల రూపాయలు ఎక్కడ ఖర్చుపెట్టాలో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

3. ఒక నిజమైన ఉదాహరణ

తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ వ్యాపారం మొదలుపెట్టారు. పట్టణాల్లో సీసా షాంపూలు కొనేవారి కోసం పెద్ద కంపెనీలు అప్పటికే పోటీపడుతున్నాయి. ఆయన దక్షిణ భారత గ్రామాల వైపు చూశారు. అక్కడ షాంపూ వాడకమే తక్కువ. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవారు సీసా కొనలేరు. ఒకసారి తలంటుకు సరిపడే చిన్న ప్యాకెట్ కొనగలరు. అందువల్ల సరుకును ప్యాకెట్లలో అమ్మారు.

మరి వారికి చెప్పడం ఎలా? షాంపూ ఎరగనివారికి 'మా షాంపూ మంచిది' అని రాసి చూపితే ఏమి లాభం? అందుకని కంపెనీ మనుషులు ఊళ్ళకు వెళ్ళి, ఒక కుర్రవాడికి అందరి ముందు తలంటి, ఆ జుట్టును ముట్టుకొని, వాసన చూడమన్నారు. రజనీకాంత్ సినిమాలు వేయించి, మధ్యలో తమ ప్రకటనలు చూపారు. ఆట అయ్యాక ప్యాకెట్లు ఉచితంగా పంచారు.

వినియోగదారుడి చేతిలో ఉండే డబ్బు ప్యాకెట్ పరిమాణాన్ని నిర్ణయించింది. అతనికి తెలిసినదీ తెలియనిదీ మాధ్యమాన్ని నిర్ణయించాయి. ఇది గమనించండి.

4. మాధ్యమాలు - వాటి బలం, పరిమితి

దినపత్రిక: చదవగలిగినవారికే అందుతుంది. రాష్ట్రమంతా చేరే ప్రకటన చిన్న వ్యాపారికి భారం. 1989లో 'ఈనాడు' జిల్లా ప్రత్యేక పేజీలు మొదలుపెట్టాక, ఒక్క జిల్లాకే పరిమితమైన ప్రకటన ఇవ్వడం చిన్న దుకాణాలకూ వీలైంది.

రేడియో, టీవీ: చదువు రానివారికీ చేరతాయి. మీ సరుకు దొరకని ఊళ్ళలోనూ వినిపిస్తాయి. ఆ ఖర్చు వృథాయే.

గోడ రాత: ఆ దారిన రోజూ వెళ్ళేవారికి పదేపదే కనిపిస్తుంది. ఇంటి యజమాని అనుమతి తప్పనిసరి.

మైకు: సంత రోజున బాగా పనిచేస్తుంది. వివరంగా చెప్పడానికి పనికిరాదు.

వాట్సాప్: ఖర్చు తక్కువ. మీ దగ్గర ఎవరి నంబర్లు ఉన్నాయో వారికే చేరుతుంది. ఫోను తండ్రి జేబులో ఉంటే తల్లికి ఆ కబురు అందకపోవచ్చు.

నోటి మాట: అన్నింటికన్నా నమ్మకమైనది. 2001లో హిందుస్థాన్ లీవర్ కంపెనీ, ఈనాడు తెలంగాణలో ఉన్న నల్గొండ జిల్లాలో 'శక్తి' పథకం ప్రారంభించింది. పంపిణీదారులు వెళ్ళని చిన్న ఊళ్ళలో పొదుపు సంఘాల మహిళల ద్వారా సరుకులు అమ్మించింది. అక్కడ కొనేవారికి తెలిసిన మనిషే ప్రచార మాధ్యమం.

5. ఖర్చు లెక్క

చవకైన మాధ్యమం ఏది? మొత్తం ఖర్చును చూడకండి. లక్ష్య వర్గంలో ఎంతమందికి చేరిందో చూసి, ఖర్చును ఆ సంఖ్యతో భాగించండి. కింది అంకెలు అభ్యాసం కోసం ఇచ్చినవి.

మొదటి పద్ధతి: దినపత్రికల్లో పెట్టి 2,000 కరపత్రాలు పంచారు. ఒక్కోదానికి 1 రూపాయి చొప్పున ఖర్చు 2,000 రూపాయలు. పది ఇళ్ళకు ఒక ఇల్లు మాత్రమే మీ లక్ష్య వర్గంలో ఉంది. చేరినవి 200 ఇళ్ళు. ఇంటికి 10 రూపాయలు పడింది.

రెండవ పద్ధతి: మే, జూన్ నెలల్లో అడ్మిషన్ల కోసం వచ్చే తల్లులకు బడి గేటు దగ్గర 400 కరపత్రాలు ఇచ్చారు, ఖర్చు 400 రూపాయలు. గుడ్డ, కుట్టు చూసుకోవడానికి నమూనా జత ఒకటి కుట్టి పెట్టారు. ఖర్చు 600 రూపాయలు. మొత్తం 1,000 రూపాయలు. చేరినవి 400 ఇళ్ళు. ఇంటికి 2 రూపాయల 50 పైసలు పడింది.

రెండవ పద్ధతిలో రెట్టింపు ఇళ్ళకు చేరారు. పైగా మరో 1,000 రూపాయలు చేతిలో మిగిలాయి.

ప్రచారం చేసి ఊరుకోకండి. దుకాణానికి వచ్చిన ప్రతివారినీ 'మా సంగతి మీకు ఎలా తెలిసింది?' అని అడిగి, నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

6. సారాంశం

ముందు వినియోగదారుణ్ణి గుర్తించాలి. తర్వాత అతను ఎక్కడికి వెళ్తాడో, ఏమి చూస్తాడో, ఎవరి మాట నమ్ముతాడో తెలుసుకోవాలి. అక్కడికే మన కబురు చేరవేయాలి. ఖర్చును చేరిన మనుషుల లెక్కన కొలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాడేవారు, నిర్ణయించేవారు వేరువేరుగా ఉండే సరుకులు మీ ఇంట్లో ఏవి? మూడింటిని రాయండి.
2. షాంపూ ప్యాకెట్లకు గ్రామాల్లో దినపత్రిక ప్రకటన ఎందుకు చాలదు?
3. 1,500 రూపాయలతో చేసిన మైకు ప్రచారం లక్ష్య వర్గంలో 300 మందికి చేరింది. ఒక్కొక్కరికి ఎంత ఖర్చయింది?

చేసి చూడండి

మీ ఊరిలో ఒక చిన్న వ్యాపారిని కలవండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడిగి, జవాబులు రాసుకోండి. ఆ వ్యాపారికి తగిన మాధ్యమం ఏదో కారణాలతో అర పేజీలో రాసి, తదుపరి తరగతికి తీసుకురండి.