గుండె విశ్రమించు క్షణము

దేహమంతటికిని నెత్తురు నందించు గుండె, తన కండరమునకు కావలసిన నెత్తురును మాత్రము, బృహద్ధమని మొదట పుట్టి తనపై లతలవలె అల్లుకొనిన రెండు సన్నని ధమనుల మూలముననే పొందుచున్నది. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ హృదయధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొని, కాలక్రమమున సున్నము కట్టి, దారి ఇరుకైనప్పుడు ఛాతీనొప్పియు, ఒక్కొక్కప్పుడు ఆకస్మిక మరణమును సంభవించుచున్నవి. 1958లో క్లీవ్‌లాండునందు మేసన్ సోన్స్ అను వైద్యుడు ఆ ధమనులలో అయొడిన్ ద్రవమును నింపి ఎక్స్-కిరణములతో చిత్రించుట ప్రారంభించెను గాని, అందులకు చేతి ధమని నుండి గుండె దాపునకు సన్నని గొట్టమును నడపవలసి యుండెను.

అట్టి గొట్టము లేకయే లోపలిని చూపగల యంత్రము వైద్యశాలలో గాక గ్రామఫోను రికార్డుల సంస్థలో పుట్టుట నాకెప్పుడును అబ్బురముగా తోచును. మన పాత ఇండ్లలో కుక్కబొమ్మతో పరిచితమైన హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులను వెలువరించిన ఈఎంఐ సంస్థలో, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అను రైతుబిడ్డ ఇంజనీరుగా నుండెను. ఒక వస్తువు గుండ అనేక కోణముల నుండి కిరణములను పంపి, ఏ దారిలో ఎంత అణగినదో కొలిచి, ఆ కొలతలను కంప్యూటరున కొప్పగించినచో, కోయకయే దాని అడ్డుకోతను చూడవచ్చునని 1967లో అతడు తలంచెను. అతని తొలి ప్రయోగమున ఒక్క చిత్రమునకు 28,000 కొలతలును 9 దినములును పట్టినవి. లెక్క తేల్చుటకు కంప్యూటరునకు మరి రెండున్నర గంటలు. లండను నగరమున కడ్డముగా ఎద్దుమెదళ్లను మోసికొనిపోయి పరీక్షించిన ఆ ఓపిక ఫలించి, 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో ఒక స్త్రీ మెదడులోని కణితి తెరపై కానవచ్చెను. ఈ గణితమును అంతకుముందే వేరుగా సాధించిన అలన్ కార్మాక్‌తో కలిసి అతడు 1979లో నోబెల్ బహుమానము నందెను.

అయితే మెదడు కదలదు. గుండె నిమిషమునకు డెబ్బదిమార్లు కొట్టుకొనును. ఒక్కొక్క కోతకు నిమిషములు తీసికొను ఆ యంత్రము ముందు గుండె మసక మరకగానే మిగిలెను. 1980ల దశకమున డగ్లస్ బాయిడ్, బరువైన గొట్టమును త్రిప్పుటకు మారుగా, ఎలక్ట్రానుల ధారను అయస్కాంతబలముతో వంచి రోగిచుట్టు నున్న టంగ్‌స్టన్ వలయముపై పరుగెత్తించి, సెకనులో పదవవంతు కాలమునకే చిత్రమును దింపగలిగెను. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ తన సహచరులతో అట్టి చిత్రములనుండి ధమనులలోని సున్నమునకు అంకె కట్టెను. ఆ అంకెకు నేటికిని అతని పేరే. 2004 నాటికి 64 వరుసల యంత్రములు వచ్చి, కొన్ని సెకనులలోనే గుండెనంతటిని చిత్రించుట సాధారణమయ్యెను.

ఇందు నాకు మిక్కిలి సుందరముగా కన్పట్టు యుక్తి వేగము కాదు. ప్రతి స్పందనకును నడుమ గుండె క్షణకాలము ఇంచుమించు నిశ్చలముగా నుండును. ఈసీజీ రేఖ ఆ క్షణమును తెలుపగా, యంత్రము అప్పటి కొలతలనే ఎంచుకొనును. గుండె నెమ్మదించినకొలది ఆ విశ్రాంతి దీర్ఘమగును గనుక, ముందుగా మాత్ర నిచ్చి స్పందనను నిమిషమునకు 60కి దాపుగా దించి, ఊపిరి బిగబట్టుమని చెప్పుదురు. చేతి సిరలోని సూదిద్వారా అయొడిన్ ద్రవము పోవును. లోపములు లేకపోలేదు: దట్టమైన సున్నము మెరసి ఇరుకును ఉన్నదానికంటె ఎక్కువగా చూపును, కిరణముల మోతాదును, మూత్రపిండముల స్థితియు గమనింపవలెను.

గొట్టపుపరీక్ష నాళములోని దారిని మాత్రమే చూపగా, ఈ పరీక్ష గోడలో పేరుకొనిన మెత్తని క్రొవ్వును సైతము చూపును. స్కాట్లండులో ఛాతీనొప్పి గల 4,146 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మాత్రము మామూలు వైద్యమునకు తోడు ఈ స్కాన్ చేసిరి. 2018లో వెలువడిన ఫలితముల ప్రకారము, 5 ఏండ్లలో హృద్రోగముచే మరణించినవారును గుండెపోటు వచ్చినవారును కలిసి స్కాన్ వర్గమున నూటికి 2.3, రెండవదానియందు 3.9. స్టెంటులును శస్త్రచికిత్సలును రెంట ఇంచుమించు సమానమే. స్కాన్ చేయించుకొనినవారిలో మాత్రము, తమ ధమనుల గోడలలోని క్రొవ్వు తెరపై కనబడుటచే, స్టాటిన్, ఆస్పిరిన్ వంటి మాత్రలను మొదలిడినవారు హెచ్చు.