వంటింట్లో రాజశేఖరం

'పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగినా పట్టదు!'... వారపత్రికల కాలంలో ఈ తిట్టు తినని ఆడపిల్ల ఉండదేమో. ఆ తిట్టు వెనక తరచూ ఉన్న పేరు యద్దనపూడి సులోచనారాణి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు చదువు కొత్త కాదు. కాకపోతే, కాపురాల మధ్య కూర్చుని చదివే కథ మాత్రం కొత్తదే!

పండితుల సభ నుంచి...

గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. సంస్థానాల రోజుల్లో పండితులకు అక్కడ సభలు, సత్కారాలు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిది ఈ గద్వాల ప్రాంతమే. 1952లో ఆయన శాసనసభకు ఎన్నికైంది వనపర్తి నుంచి. అదంతా పద్యం, పాండిత్యం నడిచిన దారి. ఇంటి ఆడవాళ్ల చేతికి పుస్తకం చేర్చిన దారి వేరు. అది వారపత్రిక, గ్రంథాలయం, అద్దె పుస్తకాల కొట్టు!

కృష్ణా జిల్లా కాజలో 1940లో పుట్టిన సులోచనారాణి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన 'సెక్రటరీ'తో ఆమె పేరు ఇంటింటికీ చేరింది. రచయిత్రుల హవా ఎంతగా నడిచిందంటే, కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని మరీ నవలలు రాశారు.

కారు కాదు, కొలువు

'కార్లు, బంగళాలు, ఆరడుగుల అందగాళ్లు... ఇవి కలల నవలలు' అని విమర్శకులు పెదవి విరిచారు. నిజమే, పొట్ట చేతపట్టుకుని వలసపోయిన పాలమూరు పల్లెకు రాజశేఖరం బంగళా ఎంత దూరం! కానీ 'సెక్రటరీ'లో జయంతిని చూడండి. ఇల్లు గడవడానికి ఉద్యోగంలో చేరుతుంది. డబ్బున్నవాడి ముందు తల వంచదు. ఆడపిల్ల గడప దాటి జీతం తెచ్చుకోవడం వింతగా తోచిన రోజుల్లో ఆ మాట తక్కువదేం కాదు. 'మీనా'లోనూ అంతే... తల్లి ఐశ్వర్యం చూపిన దారి కాదని, తన మనసుకు నచ్చిన జీవితాన్ని అమ్మాయే ఎంచుకుంటుంది. చదివినవాళ్లకు కారు రాకపోవచ్చు. తన ఇష్టం తనకుంటుందన్న ఆలోచన మాత్రం వచ్చింది.

చదవనివాళ్లకు పాట

మరి అక్షరాలు రానివాళ్ల సంగతి? వాళ్లకు పాట ఉంది. 'మీనా' (1973)కు రమేష్‌నాయుడు, 'జీవన తరంగాలు' (1973)కు జె.వి.రాఘవులు, 'సెక్రటరీ' (1976)కు కె.వి.మహదేవన్ బాణీలు కట్టారు. పుస్తకం పట్టనివారికీ రేడియోలో ఆ కథల పాటలు అందాయి. నాగర్‌కర్నూల్ వైపు పాట బలం ఎవరూ చెప్పక్కర్లేదు. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటల పుస్తకం 'వల్లంకి తాళం'కే 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఈ నేల మీద కథైనా, కష్టమైనా గొంతు మీదుగానే ఎక్కువ దూరం వెళ్తుంది. సులోచనారాణి కథతో దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' వచ్చినప్పుడూ ముందుగా జనం నోళ్లలో నానింది దాని టైటిల్ పాటే!

మళ్లీ మళ్లీ...

2016లో 'అ ఆ' సినిమా రాగానే, 'ఇది మన మీనా కథే కదా' అని పాత పాఠకులు పోల్చేశారు. నలభయ్యేళ్లు దాటినా గుర్తుందంటే ఆ నవల ఎంతగా ఇంకిపోయినట్టు! సులోచనారాణి 2018 మే 21న అమెరికాలో, కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారు.

రచయిత్రి లేరు, వారపత్రికల సందడీ తగ్గింది. మిగిలిందల్లా ఇంట్లోని పాత పుస్తకం. అమ్మ దాన్ని ఏ వయసులో చదివిందో, ఎందుకు దాచుకుందో అడిగి చూడండి. నవలలో లేని కథ ఒకటి బయటికి రావచ్చు!