ప్లగ్గు చూద్దాం, బండి నడుపుదాం

నాగోల్‌లో ఆర్టీఓ వారి ట్రాక్ ఉంది. అక్కడ బండి నడిపి చూపించాలి. పాసైతేనే లైసెన్సు. మన అక్కచెల్లెళ్లు ఎందరో ఆ పరీక్షకు వెళ్తున్నారు. నడపడం వస్తే చాలా? బండి బాగోగులు కూడా తెలియాలి.

పొద్దున్నే పనికి బయలుదేరుతాం. బండి స్టార్ట్ కాదు. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుడుతుంది. ఆ పూట కూలి పోతుంది. ఒక్కోసారి దీనికి కారణం చిన్న ప్లగ్గే.

ప్లగ్గు ఏం చేస్తుంది?

ఇంజనులోకి పెట్రోలు, గాలి కలిసి వస్తాయి. ప్లగ్గు కొనలో నిప్పురవ్వ పుడుతుంది. దానికి పెట్రోలు అంటుకుంటుంది. ఆ బలంతోనే బండి కదులుతుంది. పొయ్యికి అగ్గిపుల్ల ఎలాగో, ఇంజనుకు ప్లగ్గు అలాగ. ప్లగ్గుకు మసి పడితే రవ్వ సరిగా రాదు. పెట్రోలు వృథా అవుతుంది. బ్యాటరీ బండికి ఈ ప్లగ్గు ఉండదు.

ఎలా తీయాలి?

ఇంజను చల్లారనివ్వాలి. తాళం తీసేయాలి. ప్లగ్గు టోపీని పట్టుకుని లాగాలి. తీగను పట్టి లాగొద్దు. చుట్టూ దుమ్ము తుడవాలి. లేకుంటే అది ఇంజనులో పడుతుంది. తర్వాత ప్లగ్గు పానాతో ఎడమకు తిప్పి విప్పాలి.

కొన రంగు చూడండి

లేత గోధుమ రంగు ఉంటే ఇంజను బాగున్నట్టే.
పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయింది.
నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు లోపలికి చేరుతోంది.
తెల్లగా మాడినట్టుంటే ఇంజను మరీ వేడెక్కుతోంది.
చివరి రెండూ మెకానిక్కుకు చూపించాలి.

ఎలా బిగించాలి?

మసిని మెత్తని బ్రష్షుతో తుడవాలి. కొన అరిగినా, తెల్లని పింగాణీ పగిలినా కొత్తది వేయాలి. కొన దగ్గర సన్నని సందు ఉంటుంది. అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

మొదట చేత్తోనే తిప్పాలి. బిగుతుగా ఉంటే ప్లగ్గు వంకరగా పడినట్టు. తీసి మళ్లీ పెట్టాలి. చేత్తో ఇక తిరగనప్పుడు పానా పట్టాలి. కొత్త ప్లగ్గయితే సుమారు అర చుట్టు చాలు. పాతదానికి ఇంకా తక్కువ. బలమంతా పెడితే మరలు పోతాయి. అప్పుడు ఖర్చు ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు.

ప్లగ్గు మీద ఒక నంబరు ఉంటుంది. పుస్తకంలో ఉన్న నంబరుతో అది కలవాలి. అక్కలారా, ఇప్పుడు మనకు చదవడం వచ్చు. దుకాణంలో ఆ నంబరు మనమే చూసి తీసుకుందాం.