పట్నమున చదువు పిల్లలు – వారి శరీరభారము



ఈ పత్రికయందు మేము సాధారణముగా విత్తనములనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, తెగుళ్ళనుగూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున పిల్లల శరీరభారమునుగూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని పదవ తరగతి ముగిసినంతనే పిల్లలను హైదరాబాదునకు పంపిన సభ్యులు మన సంఘమున పలువురున్నారు. ఆ పిల్లలు నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతముల ఇంటర్మీడియెట్ కాలేజీలలో చేరుచున్నారు. వారికంటె పెద్దవారు అశోక్‌నగర్ గదులలో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుచున్నారు. పంటమీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన మనము మార్కులనుగూర్చి యడుగుదుము. వారేమి తినుచున్నారు, ఎంత నడచుచున్నారు, ఎన్ని గంటలు నిద్రించుచున్నారు అని యడుగువారు తక్కువ. మేమును అడిగినవారము కాము. అందుకు కలిగిన ఫలమునే ఇచట చెప్పుచున్నాము.

మా అక్క కుమార్తెను పదునారవయేట నారాయణగూడలోని యొక కాలేజీలో చేర్చితిమి. ఆ కాలేజీ పేరును, హాస్టలు పేరును ఇచట వ్రాయము. ఊరిలో నున్నప్పుడు ఆ పిల్ల బడికి పోవుటకు, వచ్చుటకు దినమునకు నాలుగు కిలోమీటర్లు నడచెడిది, సాయంకాలము తల్లివెంట చేనికి పోయెడిది. పట్నమున ఉదయము ఆరు గంటలకు పుస్తకము పట్టినచో రాత్రి పది గంటలకుగాని విడువదు. హాస్టలులో మూడు పూటలును తెల్లని యన్నము, పలుచని పప్పుచారు, వేపుడు. సాయంకాలము వీథి చివర మిరపకాయ బజ్జీ, బేకరీలో పఫ్, దానికి తోడు ఒక కూల్‌డ్రింకు. ఒక సంవత్సరమున తొమ్మిది కిలోలు పెరిగినది.

తప్పు మాదే యని యొప్పుకొనవలసిన ఘట్టమిది. ఊరిలో నొక పెండ్లికి ఆ పిల్ల వచ్చినపుడు పదిమంది బంధువుల నడుమ, "ఏమమ్మా, పట్నపు బియ్యము నీకు బాగుగా వంటబట్టినదే" యని మేము నవ్వుచు నంటిమి. అందరును నవ్విరి. పిల్లయు నవ్వినది. హాస్టలునకు మరలిపోయి ఇరువది దినములు నిమ్మరసము, కీరదోసకాయ, ఒక్కొక్క దినమున రెండు బిస్కత్తులు మాత్రమే పుచ్చుకొన్నదట. ఇరువదియొకటవ దినమున మెట్రో స్టేషను మెట్లపై స్పృహతప్పి పడినది. ఎవరో పుణ్యాత్ములు ఎత్తి ఆసుపత్రికి చేర్చిరి. మాకు ఫోను వచ్చుసరికి మేము వరి నాట్లలో నుంటిమి.

రక్తము తక్కువగా నున్నదని తేలినది. రెండు మాసములుగా నెలసరి సరిగా లేదట. ఆ సంగతి తల్లికిగూడ చెప్పలేదు. పరీక్షించిన లేడీ డాక్టరు మా వైపు తిరిగి, "ఈ పిల్లను తినవద్దని యెవరు చెప్పిరి?" అని యడిగినది. మేము తల వంచుకొంటిమి.

వ్యవసాయము తెలిసినవారికి ఈ విషయము బోధపరచుట కష్టము కాదు. వరికి యూరియా మితిమీరి చల్లినచో పైరు పచ్చగా, ఏపుగా కనబడును. కాని కాడ బలహీనమై ఒరిగిపోవును, దోమపోటు పట్టును. అట్లని పొట్టదశలో నున్న పైరునకు నీరు మాన్పించు రైతు కలడా? మాన్పించినచో గింజ తాలు పోవును. పదుమూడు మొదలు పందొమ్మిది యేండ్లవరకు గల వయస్సు మనుష్యునకు పొట్టదశ వంటిది. ఎముకలు గట్టిపడునది అప్పుడే. ఆడపిల్లలకు నెలసరి కుదుటపడునదియు అప్పుడే. అధికమైన ఎరువును తగ్గించవలెను గాని, నీరు కట్టుట మానరాదు.

అంకెలు చూడుడు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన పట్టికల ప్రకారము పదునారు మొదలు పదునెనిమిది యేండ్ల వయస్సు గల బాలికకు దినమునకు 2500 కేలరీల ఆహారము కావలెను, అదే వయస్సు బాలునకు 3320 కావలెను. కూర్చుండి పనిచేయు పెద్ద స్త్రీకి 1660 చాలును. అనగా తల్లికంటె కూతురికే ఎక్కువ కావలెను. ఈ లెక్క మోస్తరుగా కదలి తిరుగు పిల్లలకు వేసినది. రోజంతయు బెంచీమీద కూర్చుండు పిల్లకు అంత ఖర్చు కాదు. మిగిలినది క్రొవ్వుగా నిలువచేరును. కావున కూడు తీసివేయుటకంటె ముందు కదలిక కలిగించుట న్యాయము.

ఒక కిలో క్రొవ్వునందు సుమారు 7700 కేలరీల శక్తి యిమిడియుండును. దినమునకు 250 కేలరీలు తగ్గించినచో నెలకు సుమారు ఒక కిలో తగ్గవలెను. శరీరము కరణము లెక్కపుస్తకము కాదు గనుక ఒక నెల తగ్గును, ఒక నెల నిలిచిపోవును. ఆ 250 ఎక్కడినుండి తీయవచ్చును? వంద మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు పది గ్రాముల చక్కెర యుండును. 250 మిల్లీలీటర్ల సీసా త్రాగినచో ఆరు చెంచాల చక్కెర తిన్నట్లే, అది వంద కేలరీలు. ఒక చెంచా నూనె 45 కేలరీలు, బజ్జీల పొట్లములో అట్టి చెంచాలు మూడునాలుగు సులభముగా నుండును. ఈ రెండును మానినచో సరిపోయినది. అన్నము ముద్ద యొక్కటియు తగ్గనక్కరలేదు. (మన సంఘపు సర్వసభ్య సమావేశమున కూల్‌డ్రింకులు పంచుచున్నాము. మజ్జిగ పంచుటకు ఏమి యడ్డమో కార్యవర్గమువారు చెప్పవలెను.)

ఇంకను ఎదుగుచున్న పిల్లలకు బరువు తగ్గవలసిన పనియే లేకపోవచ్చును. బరువు ఉన్నచోట నిలిచి ఎత్తు పెరిగినచో అదియే సరిపడును. పెద్దలకు వాడు బరువు–ఎత్తుల లెక్క పిల్లలకు చెల్లదు. వయస్సునుబట్టి, ఆడపిల్లయో మగపిల్లవాడో యను దానినిబట్టి వేరు పట్టికలు గలవు. వాటిని చూచి చెప్పవలసినది డాక్టరు. మేనమామ కాదు. థైరాయిడు మొదలగు వ్యాధులవలనను బరువు పెరుగవచ్చును. ముషీరాబాద్‌నందే గాంధీ ఆసుపత్రి కలదు, చూపించుటకు దూరము కాదు.

మరియొక మాట. 2016–18 సంవత్సరములలో దేశమంతట జరిగిన పోషకాహార సర్వేలో పది మొదలు పందొమ్మిది యేండ్ల పిల్లలలో నూటికి 24 మంది బక్కపలుచనివారనియు, 5 గురు మాత్రమే అధికభారము గలవారనియు తేలినది. కావున ఊరిలోని పిల్లలందరిని పలుచబరచుటకు పూనుకొనవలదు. మన యిండ్లలో రెండు విధముల పిల్లలును ఒకే కంచము ముందు కూర్చుందురు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రమే ఈ మార్పును తెలుపును. అది 1918లో కూనూరులో బెరిబెరి రోగ పరిశోధనకై ఒక్క గదిలో మొదలైనది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. లేమివలన కలుగు రోగమునకై పుట్టిన సంస్థ 2024 మే మాసమున వెలువరించిన ఆహార నియమములలో స్థూలకాయమును నివారించు మార్గములనుగూడ చెప్పవలసి వచ్చినది. కంచములో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు, 2000 కేలరీల భోజనమున ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పు లేక గుడ్డు, మాంసములు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు చాలుననియు ఆ సంస్థ చెప్పుచున్నది. మన పిల్లల హాస్టలు కంచములో ధాన్యము ముప్పాతిక భాగము. కూరగాయలు పండించువారము మనము, తినుటకు నోచుకొననివారు మన పిల్లలు!

జొన్నలు, తైదలు తిన్నచో లావు తగ్గుదురని ఇప్పుడు పట్నమున పెద్ద ప్రచారము. మేము జొన్న పండించుమని యిరువది యేండ్లుగా చెప్పుచున్న వారమైనను, లేని గుణము చెప్పజాలము. వంద గ్రాముల జొన్నలో సుమారు 334 కేలరీలు, బియ్యములో సుమారు 356. భేదము స్వల్పము. కాని పీచు జొన్నలో పది గ్రాములు, బియ్యములో మూడు గ్రాములకు లోపు. పీచు గలది కడుపు నింపును, త్వరగా ఆకలి కానీయదు. తైదలలో ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు వంద గ్రాములకు 360 మిల్లీగ్రాముల వరకు కలదు. ఇంత లాభము చాలును. నాలుగు జొన్నరొట్టెలు నేతిలో ముంచి తిన్నచో మాత్రము ఏ లాభమును లేదు.

ఇక పొడులు, మాత్రలు, "పదిదినములలో పది కిలోలు" అను ప్రకటనలు. నకిలీ పత్తి విత్తనముల సంచులు కొని మోసపోయిన రైతులకు మేము వేరుగా చెప్పవలెనా? సంచిపై లేబులు లేనిది, బిల్లు ఇయ్యనిది, పొరుగూరి వానికి పండినదని నోటిమాటతో అమ్మునది ఎట్టిదో ఇదియు నట్టిదే. ఆ వేగముతో తగ్గునది చాలవరకు నీరును కండయును. తిండి మరల మొదలిడగానే బరువు తిరిగివచ్చును. కండలకై అమ్ము ప్రోటీను పొడులనుగూడ పైన చెప్పిన సంస్థ వలదనియే చెప్పినది.

మేము చేసినది చెప్పెదము. ముషీరాబాద్, ఆర్‌టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ – ఈ నాలుగు మెట్రో స్టేషన్లు ఒకే దారిని వరుసగా నున్నవి. ఈ మార్గము 2020 ఫిబ్రవరిలో తెరచిరి. మా పిల్ల హాస్టలు చిక్కడపల్లిలో, కాలేజీ నారాయణగూడలో. నడుమ ఒక్క స్టేషను. ఆ ఒక్క స్టేషను రైలెక్కుట మాన్పించి నడువుమంటిమి. ఆదివారములలో ఇందిరా పార్కునకు ఇద్దరు స్నేహితురాండ్రతో గూడి పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదునేడేండ్ల లోపు పిల్లలకు దినమునకు అరువది నిమిషముల చురుకైన కదలిక కావలెననినది. మేము చదివిన మిషను పాఠశాలలో ప్రార్థనకు ముందు డ్రిల్లు మాస్టరు మైదానము చుట్టును మూడుసార్లు పరుగెత్తించెడివాడు. అప్పుడు తిట్టుకొంటిమి. ఇప్పటి కాలేజీలు కొన్నింటికి మైదానమే లేదు, తిట్టుకొనుటకైన అవకాశము లేదు.

హాస్టలు వార్డెనును మొదట కోపముతో కలిసితిమి. ప్రయోజనము కలుగలేదు. రెండవమారు మరి నలుగురు తండ్రులను వెంటబెట్టుకొని పోయితిమి. సహకారమన నేమో మనకు తెలియును గదా! ఉదయము ఉడికించిన గుడ్డు, గుడ్డు తినని పిల్లలకు పెసల గుగ్గిళ్ళు, రాత్రి ఒక కూర అదనముగా పెట్టుటకు అతడు సమ్మతించినాడు. కూరగాయలు కొంత చవుకగా దొరకు మార్గము మేము చూపితిమి. మా అక్క పంపెడి డబ్బాలలో నేతి మిఠాయి పోయి వేయించిన పల్లీలు, జామపండ్లు వచ్చినవి. పల్లీలుగూడ గుప్పెడే. నూనెగింజ గదా!

నిద్ర సంగతి మాత్రము అన్నిటికంటె కష్టమైనది. ఆ వయస్సున ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. నిద్ర చాలనివారికి ఆకలి హెచ్చును, తీపి, వేపుడు పదార్థములపైకి మనస్సు పోవును. అర్ధరాత్రివరకు చదివించు కాలేజీలతో పోరాడుటకు మాకు శక్తి చాలలేదు. ఫోను పదిగంటలకు వార్డెను బల్లమీద పెట్టుటకు పిల్లయే అంగీకరించినది. ఏడు గంటల నిద్ర దక్కినది.

పది మాసములలో నాలుగు కిలోలు తగ్గినది. పెరిగినవి తొమ్మిది. మిగిలిన ఐదింటినిగూర్చి డాక్టరు తొందరపడలేదు. రక్తము సరిపడినది. నెలసరి కుదిరినది. మెట్లెక్కునపుడు ఆయాసము లేదని పిల్ల చెప్పినది. బరువు తూచుట నెలకొక్కమారు మాత్రమే, అదియు తాను కోరినపుడే.

ఇంటిలో అందరును ఒకే తీరున తినవలెనని డాక్టరు చెప్పుటచే మేమును కూల్‌డ్రింకు మానితిమి. మా పొట్టయు రెండంగుళములు తగ్గినది. అది వేరు సంగతి.

మొన్న సంక్రాంతికి పిల్ల ఊరికి వచ్చినది. మా అక్క సకినాలు చేసి పళ్ళెములో పెట్టినది. పెండ్లినాడు నవ్విన బంధువులలో ఇద్దరు అరుగుమీదనే యుండిరి. ఒకాయన ఏదియో అనబోవగా మేము ఆయన చేతికి పత్తి ధరలున్న దినపత్రిక నందించితిమి. పిల్ల మూడు సకినాలు తిని, నాలుగవది తమ్మునికిచ్చి, "మామయ్యా, చేనివరకు పోయివత్తమా?" అని యడిగినది. పోయితిమి. కంది కోతకు వచ్చియున్నది.