సీటు వెనుక పద్దు

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016లో ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది. కాలేజీ కాలేజీకీ తిరిగి దరఖాస్తులు పెట్టే పని తప్పింది. ఉస్మానియా, కాకతీయ లాంటి విశ్వవిద్యాలయాల పరిధిలోని కాలేజీలకు ఒకే చోట ఆప్షన్లు ఇవ్వొచ్చు.

ఫీజు కట్టే క్షణం చూడండి. ఓటీపీ కొట్టగానే సిగ్నల్ పోయింది. ఖాతాలో డబ్బు తగ్గింది, రసీదు రాలేదు. ఇంటిల్లిపాదికీ గుండె దడ! లావాదేవీ సూత్రం ఇక్కడే ప్రాణం: పని మొత్తం పూర్తవ్వాలి, లేదా అసలు మొదలవ్వనట్టే వెనక్కి పోవాలి. బ్యాంకు కంప్యూటరు వేరు, ప్రవేశాలది వేరు. అందుకే తర్వాత రెండు పద్దులూ సరిచూడాలి.

సీట్ల నమోదులోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి: ఒకే సీటు ఇద్దరి పేర రాయకుండా, ఒకరి నమోదు ముగిసేదాకా ఆ సీటు పద్దుకు తాళం వేయొచ్చు.

సీటొచ్చినా గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి దాన్ని ఖాయం చేసుకోకపోతే అది చేజారుతుంది. నెట్ సరిగా అందని ఊళ్లో పిల్లలకు ఆ గడువు నిజంగా కఠినమే.